కట్ ఫ్లవర్స్ రైతు తన కొనుగోలుదారులతో నిలకడైన వ్యాపారం చేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

కాడతో కోసి అమ్మే పూలను పండించడం నేర్చుకున్న రైతులు ఆ తరువాత అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. పువ్వు బాగుందని మెచ్చుకుని కొన్న దుకాణదారు మూడో వారానికే ఫోన్ ఎత్తడం మానేస్తే, కారణం ఎక్కడ వెతకాలి?

కారణం చాలాసార్లు పువ్వులో ఉండదు, సమాచారంలో ఉంటుంది. మీ దగ్గర పూలు కొనే ఫ్లోరిస్టు, అంటే పూల దుకాణదారు, వాటిని అప్పటికే తన ఖాతాదారుకు అమ్మేసి ఉంటారు. ఫలానా రంగు, ఫలానా పువ్వు, ఇన్ని కాడలు అని చెప్పి అడ్వాన్సు కూడా తీసుకుని ఉంటారు. మీరిచ్చిన మాట మీద ఆధారపడి వారు మరొకరికి మాట ఇచ్చారన్న సంగతి గుర్తుంటే, ఈ వ్యాపారంలో ఏ పని ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో దానంతట అదే తేలిపోతుంది. కింది మెట్లను అదే వరుసలో రాశాను.

1. మీ పంట ఎవరికి సరిపోతుందో తేల్చుకోండి

కొనుగోలుదారులందరికీ కావలసినది ఒకటే కాదు. ఒకరికి వరమైన గుణం మరొకరికి అక్కరలేనిది కావచ్చు.

టోకు వ్యాపారికి ఒకే రకం, ఒకే పొడవు, పెద్ద సంఖ్యలో, వారం వారం తప్పకుండా అందాలి. ధర తక్కువగా ఇస్తారు, కానీ ఒకే చోట సరుకంతా దిగిపోతుంది. కట్టలో కాడల లెక్క తప్పితే మాత్రం సహించరు.

ఫ్లోరిస్టుకు తక్కువ సంఖ్యలో ఎక్కువ రకాలు కావాలి. డాలియా, జిన్నియా, స్వీట్ పీ వంటివి పెట్టెల్లో దూరప్రయాణాన్ని తట్టుకోలేవు కాబట్టి, వాటిని దగ్గరలో పండించే రైతుకు ఫ్లోరిస్టుల దగ్గర సహజంగానే గిరాకీ ఉంటుంది. చిన్న రైతు ముందుగా వెళ్ళవలసిన గుమ్మం ఇదే అని నా అభిప్రాయం.

అలంకరణ పనులు చేసేవారు ఒకే రోజుకు పెద్ద మొత్తం అడుగుతారు, రంగు విషయంలో పట్టుదలగా ఉంటారు, పువ్వు బాగా విచ్చి ఉండాలని కోరుకుంటారు. వారం రోజులు నిలవాలన్న ఆలోచన వారికి పెద్దగా ఉండదు.

సూపర్ మార్కెట్లు తొడుగు, లేబుల్, బార్ కోడ్, ఇన్ని రోజులు నిలుస్తాయన్న హామీ అడుగుతాయి. డబ్బు ఆలస్యంగా వస్తుంది.

కమీషన్ పద్ధతిలో పువ్వు అమ్ముడైతేనే మీకు డబ్బు వస్తుంది. మిగిలిపోయిన పూల నష్టం మీదే కాబట్టి, అమ్మకాల లెక్క ఏ రోజుకు ఆ రోజు చూపించని వారికి ఈ పద్ధతిలో సరుకు ఇవ్వకండి.

వేలంలో కొనేవారి ముఖం కనబడదని, అక్కడ సంబంధంతో పని లేదని అనుకోవడం సరికాదు. నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మేర్ వంటి పెద్ద వేలం కేంద్రాల్లో కొనుగోలుదారులు పువ్వును చేత్తో పట్టి చూడకుండా కంప్యూటర్ తెర ముందే కొంటున్నారు. రైతు రాసిచ్చిన పొడవు, విచ్చిన దశ, కాడల సంఖ్య నిజమని తేలిన కొద్దీ ఆ రైతు సరుకుకు వచ్చే పాట వేరుగా ఉంటుంది.

మొదటి సీజన్‌లో ముగ్గురు నలుగురు కొనుగోలుదారులు చాలు. ఏ ఒక్కరి వాటా కూడా మీ మొత్తం అమ్మకంలో మూడో వంతు దాటకుండా చూసుకోండి. ఒక్కరి మీదే ఆధారపడిన రైతు ధర గురించి స్వేచ్ఛగా మాట్లాడలేరు.

2. మాట ఇచ్చే ముందు లెక్క కట్టండి

మీ దగ్గర ఎన్ని మొక్కలున్నాయో కొనుగోలుదారుకు అనవసరం. ఏ వారంలో, ఏ రంగులో, అమ్మదగిన కాడలు ఎన్ని వస్తాయన్నదే వారికి కావాలి. అమ్మదగినవి అంటే కోసినవి కావు, వంకర కాడలు, పురుగు తిన్న రేకలు, పొట్టివి తీసేసిన తరువాత చేతిలో మిగిలినవి.

గత సీజన్ లెక్కలు ఉంటే వాటి ఆధారంగా, లేకపోతే ఒక చిన్న మడి మీద ప్రయత్నించి, వారానికి వచ్చే సంఖ్యను రాసుకోండి. ఆ సంఖ్యలో మూడింట రెండు వంతులకే ముందస్తు మాట ఇవ్వండి. మిగిలిన ఒక వంతు వర్షానికి, తామర పురుగుకు, బూజు తెగులుకు వదిలేయండి. అది కూడా దక్కిన వారంలో అదనంగా అమ్ముకోవచ్చు.

తేదీలను వెనక నుంచి లెక్కించడం అలవాటు చేసుకోండి. గులాబీలో కొమ్మ తుంచిన తరువాత పువ్వు కోతకు రావడానికి వాతావరణాన్ని బట్టి సుమారు 6 నుంచి 8 వారాలు పడుతుంది. గ్లాడియోలస్ దుంప నాటిన తరువాత రకాన్ని బట్టి సుమారు 70 నుంచి 100 రోజులు, ఒంటి కాడ పొద్దుతిరుగుడు రకాలకు విత్తిన తరువాత సుమారు 50 నుంచి 60 రోజులు కావాలి. ఫిబ్రవరి 14కు ఎర్ర గులాబీలు కావాలని జనవరి నెలాఖరులో అడిగిన దుకాణదారుకు కొమ్మ తుంచవలసిన తేదీ ఎప్పుడో దాటిపోయిందని మీరు ఈ లెక్కతోనే చెప్పగలుగుతారు.

నిరంతర సరఫరా అడిగితే పంటను ఒక్కసారే వేయకండి. పొద్దుతిరుగుడును వారం పది రోజులకోసారి, జిన్నియాను రెండు మూడు వారాలకోసారి దఫాలుగా విత్తితే కొనుగోలుదారు జాబితాలో మీ పేరు ఖాళీ పడదు.

ధర లెక్కలో జరిగే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. ఒక మడిలో 1,000 కాడలు కోసి 750 మాత్రమే అమ్మారనుకుందాం. మొత్తం ఖర్చును 1,000తో భాగిస్తే కాడకు పడిన ఖర్చు అసలుకంటే నాలుగో వంతు తక్కువగా కనిపిస్తుంది. భాగించవలసినది 750తోనే. విత్తనం, నీరు, కూలితో పాటు కోసి, ఆకులు దూసి, కట్టలు కట్టి, దుకాణం దాకా చేర్చడానికి మీరు పెట్టిన గంటలను కూడా ఖర్చులో వేయండి.

మాట ఇచ్చే ముందు మీ దగ్గర రాసి ఉండవలసినవి:

☐ ప్రతి పువ్వుకు కోత మొదలయ్యే వారం, ముగిసే వారం
☐ వారానికి అమ్మదగిన కాడల సంఖ్య, రంగుల వారీగా
☐ సాధారణంగా వచ్చే పొడవు
☐ నీళ్ళలో ఎన్ని రోజులు నిలుస్తుందో మీరే పెట్టి చూసిన లెక్క
☐ ఇంతకు తగ్గితే అమ్మను అన్న ధర

3. మొదటిసారి కలవడం

పండుగలకు ముందు, పెళ్ళి ముహూర్తాలకు ముందు రోజుల్లో దుకాణానికి వెళ్ళకండి. ఫోన్ చేసి, వారికి తీరిక ఉన్న రోజును అడిగి, ఆ రోజు పదిహేను నిమిషాల్లో పని ముగించుకుని రండి.

చేతిలో నమూనా కట్టలు ఉండాలి. తోటలోని అతి గొప్ప పూలను ఏరి తీసుకువెళ్ళడం మంచిది కాదు. ప్రతి వారం ఇవ్వగలిగిన మామూలు గ్రేడునే చూపించండి. నమూనాను మించిన సరుకు తరువాత వస్తే ఎవరూ బాధపడరు, నమూనాకంటే తగ్గితే మొదటి బండితోనే నమ్మకం పోతుంది.

నమూనా కట్టను వారి దగ్గరే వదిలేసి, అదే కోతలోని మరో కట్టను మీ ఇంట్లో నీళ్ళలో పెట్టుకోండి. వారం తరువాత ఫోన్ చేసి ఎన్ని రోజులు నిలిచాయని అడగండి. మీ దగ్గర ఎనిమిది రోజులు నిలిచినవి వారి దగ్గర నాలుగు రోజులకే వాలితే, తేడా రవాణాలోనో వారి బకెట్లలోనో ఉందని ఇద్దరికీ అర్థమవుతుంది, అమ్మకం మొదలుకాక ముందే దాన్ని సరిచేసుకోవచ్చు.

ఆ పదిహేను నిమిషాల్లో మీరు మాట్లాడడం తక్కువగా, అడగడం ఎక్కువగా ఉండాలి. అడగవలసినవి:

☐ వారంలో ఏ రోజు పూలు అందితే మీకు అనుకూలం, ఎన్ని గంటల లోపు?
☐ ఏ రంగులు త్వరగా అమ్ముడవుతాయి, ఏవి మిగిలిపోతాయి?
☐ ఇప్పుడు కొంటున్న పూలలో మీకు ఇబ్బంది కలిగిస్తున్నది ఏది?
☐ మీ దగ్గర చల్లని గది ఉందా, ఎన్ని డిగ్రీల దగ్గర పెడతారు?
☐ పువ్వు ఎంత విచ్చి ఉండగా కావాలి?
☐ ఆర్డరు ఎవరు ఇస్తారు, డబ్బు ఎవరు చెల్లిస్తారు?

చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఆర్డరు ఇచ్చే వ్యక్తి, బిల్లు పాస్ చేసే వ్యక్తి వేర్వేరు అయినప్పుడు ఆలస్యాలన్నీ ఆ ఇద్దరి మధ్యే జరుగుతాయి.

4. షరతులను ఒక్క కాగితం మీద రాసుకోండి

స్నేహంగా మొదలైన వ్యాపారంలో రాతకోతలు ఎందుకని మొహమాటపడేవారు ఉంటారు. ఆ స్నేహం నిలవాలనే రాసుకోవడం. న్యాయవాది భాష అవసరం లేదు, ఇద్దరికీ అర్థమయ్యే పది వాక్యాలు చాలు.

☐ కట్టకు ఎన్ని కాడలు, కనీసం ఎంత పొడవు
☐ ధర, అది ఎప్పటి వరకు మారదు
☐ కనీస ఆర్డరు ఎంత
☐ ఆర్డరు ఇవ్వడానికి గడువు ఏ రోజు, ఎన్ని గంటలు
☐ ఆర్డరు రద్దు చేసుకోవడానికి గడువు, ఆ గడువు దాటితే చెల్లించవలసినది
☐ అడిగిన పువ్వు లేనప్పుడు బదులు ఇవ్వవచ్చా, ఇస్తే ఎలాంటిది
☐ ఫిర్యాదు ఎన్ని గంటల లోపు చేయాలి
☐ డబ్బు ఎప్పుడు, ఎలా చెల్లించాలి
☐ బకెట్లు ఎవరివి, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి

ఒక పెళ్ళి కోసమే ప్రత్యేకంగా పండించమని అడిగితే విత్తే ముందే కొంత అడ్వాన్సు తీసుకోండి. ఆ రంగు ఆ వారంలో వేరే ఎవరికీ అక్కరలేకపోవచ్చు, అందువల్ల నష్టభయాన్ని ఇద్దరూ పంచుకోవడం న్యాయం.

5. వారపు జాబితా పంపండి

సంబంధాన్ని నిలిపే పనుల్లో దీనికి మించినది లేదు. ప్రతి వారం ఒకే రోజున, ఒకే గంటకు, వచ్చే వారం మీ దగ్గర ఉండబోయే పూల జాబితా కొనుగోలుదారులందరికీ చేరాలి. పూలు ఏమీ లేని వారంలో కూడా, లేవని, ఫలానా వారం మొదలవుతాయని చెప్పే రెండు వాక్యాలు వెళ్ళాలి.

జాబితాలోని ప్రతి వరుస ఇలా ఉండాలి:

జిన్నియా, నారింజ, 40 సెం.మీ., 10 కాడల కట్ట, 25 కట్టలు, మంగళ, శుక్రవారాలు.

స్నాప్‌డ్రాగన్, తెలుపు, 60 సెం.మీ., 10 కాడల కట్ట, 12 కట్టలు, శుక్రవారం మాత్రమే.

డాలియా, లేత పీచ్, మొగ్గ దశలో ఉంది, వచ్చే వారం సుమారు 8 కట్టలు.

మూడో వరుసను గమనించండి. ఇంకా కోతకు రాని పువ్వు గురించి ముందే చెప్పడం వల్ల అలంకరణ పని ఒప్పుకోబోతున్న ఫ్లోరిస్టు తన ఖాతాదారుకు ఆ డాలియాను సూచించగలుగుతారు. మీ తోటలో విచ్చక ముందే ఆ పువ్వుకు చోటు దొరికిందన్నమాట.

రంగు పేరు తగాదాలకు మూలం. ఒకరు పీచ్ అన్నదాన్ని మరొకరు లేత నారింజ అంటారు, ఇంకొకరు గులాబీ అంటారు. పువ్వును నీడలో, తెల్ల కాగితం పక్కన పెట్టి ఫోటో తీయండి. ఎండలో తీసిన ఫోటోలో లేత రంగులు పాలిపోతాయి, దీపం వెలుతురులో తెలుపు పసుపుగా మారుతుంది. విచ్చే కొద్దీ రంగు మారే రకమైతే మొదటి రోజు ఫోటో, మూడో రోజు ఫోటో రెండూ పంపండి.

ఆర్డరు రాగానే ఆ సంఖ్యను జాబితాలోంచి తీసేయండి. పన్నెండు కట్టలను ఇద్దరికి పన్నెండేసి చొప్పున ఒప్పుకోవడం ఎప్పుడూ దురుద్దేశంతో జరగదు, ఫోన్‌లో ఒకటి, మెసేజ్‌లో ఒకటి ఒప్పుకుని ఎక్కడా రాయకపోవడం వల్ల జరుగుతుంది. అన్ని ఆర్డర్లూ ఒకే పుస్తకంలోకి లేదా ఒకే షీట్‌లోకి చేరాలి. ఆర్డరు అందిందని, సంఖ్యతో సహా, తిరుగు జవాబు ఇవ్వండి.

6. చెప్పిన దశలోనే కోయండి, చల్లగా ఉంచండి

కొనుగోలుదారు దృష్టిలో నాణ్యత అంటే పువ్వు అందంగా ఉండడం కాదు, వారి చేతికి అందిన తరువాత ఊహించినట్టు ప్రవర్తించడం. అది చాలావరకు కోత దశ మీద ఆధారపడి ఉంటుంది.

గులాబీని మొగ్గ కింది పచ్చని రక్షక పత్రాలు వెనక్కి వంగి, బయటి రేకలు ఒకటి రెండు విడుతున్నప్పుడు కోయాలి. మరీ మొగ్గగా కోస్తే మెడ వాలిపోతుంది, విచ్చదు.

గ్లాడియోలస్‌ను కింది పూలు ఒకటి నుంచి ఐదు వరకు రంగు చూపినప్పుడు కోయాలి. లిల్లీని (నేల సంపెంగను కాదు, పెద్ద పూలు పూసే అసలు లిల్లీని) కింది మొగ్గ ఉబ్బి రంగు తేరిన తరువాత, విచ్చక ముందు కోయాలి.

జెర్బెరాను మధ్య చక్రంలోని బయటి రెండు వరుసల్లో పుప్పొడి కనిపించాక తీయాలి. తొందరపడితే కాడ వంగిపోతుంది.

పొద్దుతిరుగుడును రేకలు మధ్య చక్రం మీంచి లేస్తున్నప్పుడు, పియోనీని మొగ్గ నొక్కితే మెత్తగా తగిలినప్పుడు కోయాలి.

డాలియా కోసిన తరువాత పెద్దగా విచ్చదు కాబట్టి దాదాపు పూర్తిగా విచ్చాకే కోయాలి.

జిన్నియాకు కంటితో చూడడం చాలదు. పువ్వుకు సుమారు ఒక జానెడు కింద కాడను పట్టుకుని మెల్లగా ఊపండి. మెడ వేలాడుతూ ఊగితే ఇంకా సమయం ఉంది, కాడ మొత్తం బిగువుగా కదిలితే కోతకు వచ్చింది.

కోత తెల్లవారుజామున గానీ సాయంత్రం చల్లబడ్డాక గానీ జరగాలి. కత్తిరించిన వెంటనే శుభ్రమైన బకెట్‌లోని నీళ్ళలో పెట్టి, నీటిలో మునిగే భాగంలోని ఆకులన్నీ దూసేసి, నీడకు, ఆపైన చల్లని గదికి చేర్చాలి. బకెట్ ఎంత శుభ్రంగా ఉండాలంటే అందులోని నీళ్ళు మీరు తాగడానికి వెనకాడకూడదు. కాడ లోపలి నీటి దారులను మూసేది ఆ మురికిలోని బాక్టీరియానే.

గులాబీ, కార్నేషన్, చామంతి వంటి చాలా పూలకు 0 నుంచి 2 డిగ్రీల సెల్సియస్, 90 శాతానికి పైగా గాలిలో తేమ అనుకూలం. ఆంథూరియం, హెలికోనియా వంటి ఉష్ణమండల పూలు మాత్రం 10 డిగ్రీల కంటే తక్కువలో నల్లబడతాయి. జిన్నియా కూడా మరీ చలిని ఓర్చుకోదు. దుకాణదారు అన్నిటినీ ఒకే గదిలో పెట్టే అలవాటున్నవారైతే ఈ మాట వారికి ముందే చెప్పాలి.

పండ్లతో కలిపి నిల్వ చేయకండి, పొగ వదిలే బండి పక్కన ఉంచకండి. వాటి నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకు కార్నేషన్ రేకలు లోపలికి ముడుచుకుంటాయి, స్నాప్‌డ్రాగన్, డెల్ఫినియం పూలు రాలిపోతాయి. స్నాప్‌డ్రాగన్, గ్లాడియోలస్ కాడలను నిలువుగానే మోయాలి, పడుకోబెడితే కొనలు పైకి తిరిగి వంకర అవుతాయి.

సరుకుతో పాటు దుకాణదారుకు చెప్పవలసిన జాగ్రత్తలు కూడా ఉన్నాయి. డాఫడిల్ కాడ నుంచి కారే జిగురు తులిప్‌లను పాడుచేస్తుంది కాబట్టి డాఫడిల్‌లను ముందుగా విడి నీళ్ళలో ఉంచాలి. యుఫోర్బియా పాలు చర్మాన్ని, కళ్ళను మండిస్తాయి. లిల్లీ పిల్లులకు విషం, దాని పుప్పొడి బట్టల మీద మరక వేస్తుంది. ఈ సంగతులు మీ నోట విన్న దుకాణదారు తన ఖాతాదారుకు చెప్పి మాట దక్కించుకుంటారు.

గ్రేడింగ్‌లో ఒకే నియమం పాటించండి. కట్ట పైవరుసలో ఉన్న పువ్వు ఎలా ఉందో లోపలి పువ్వూ అలాగే ఉండాలి. పొట్టి కాడలను పొడవు కాడల మధ్య దాచవద్దు, వాటికి వేరే కట్ట కట్టి వేరే ధర పెట్టండి. చిన్న పూలజాడీలు అలంకరించేవారు, చిన్న గుచ్ఛాలు కట్టేవారు అవే కావాలని అడుగుతారు.

7. సరుకు అందించే రోజు

అనుభవం ఉన్న దుకాణదారు కట్ట అందుకోగానే పై పూలను చూడరు. కట్టను తిప్పి కాడల అడుగులు గోధుమరంగుకు మారాయా, తాజాగా పచ్చగా ఉన్నాయా చూస్తారు. గులాబీ మొగ్గను రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి గట్టిదనం తెలుసుకుంటారు, మధ్యలోని పువ్వును పక్కకు జరిపి రేకల అంచుల్లో బూజు మచ్చలు వెతుకుతారు. చివరికి బకెట్ నీటి వాసన చూస్తారు. మీరు బండి ఎక్కించే ముందే ఇదే వరుసలో ఈ నాలుగూ చూసుకోండి.

☐ ప్రతి కట్టకు లేబుల్: పువ్వు, రకం, రంగు, కాడల సంఖ్య, కోసిన తేదీ
☐ బిల్లు సరుకుతో పాటే
☐ ఆలస్యమైతే బయలుదేరే ముందే ఫోన్
☐ దుకాణంలో లెక్క చూపి సంతకం
☐ ఖాళీ బకెట్లు వెనక్కి

దుకాణంలో ఖాతాదారులు ఉన్నప్పుడు ధరల గురించి గానీ బాకీల గురించి గానీ మాట్లాడకండి.

8. చెడు వార్తను ముందే చెప్పండి

వడగళ్ళు పడతాయి, పురుగు వస్తుంది, చలికి మొగ్గ విచ్చడం ఆగిపోతుంది. ఇవి కొనుగోలుదారుకు కూడా తెలుసు. వారు క్షమించలేనిది శుక్రవారం ఉదయం సరుకు కోసం ఎదురుచూస్తున్నప్పుడు వినే వార్తను. అదే వార్త మంగళవారం తెలిస్తే మరొక చోట తెప్పించుకునే సమయం ఉంటుంది.

అనుమానం కలిగిన రోజే చెప్పండి, ఖాయమయ్యే దాకా ఆగకండి. ఆ సందేశంలో నాలుగు విషయాలు ఉండాలి: ఏది తగ్గుతోంది, ఎంత తగ్గుతోంది, బదులు ఏమివ్వగలరు, జవాబు ఎప్పటిలోగా కావాలి. ఉదాహరణకు:

“నమస్కారమండీ. శుక్రవారానికి మీరు చెప్పిన 12 కట్టల తెల్ల స్నాప్‌డ్రాగన్‌లో నిన్నటి గాలివానకు కొన్ని పడిపోయాయి. 7 కట్టలు తప్పకుండా ఇవ్వగలను. మిగిలిన 5 కట్టలకు బదులు అదే ఎత్తులో తెల్ల లార్క్‌స్పర్ ఉంది, ఫోటో పంపుతున్నాను. అది వద్దనుకుంటే మీరు వేరే చోట చూసుకోవడానికి వీలుగా ఈ సాయంత్రం లోపు చెప్పండి.”

బదులు పువ్వును అడగకుండా బండిలో వేయడం, మీరు ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, వారి ఎంపికను మీరే చేసినట్టు అవుతుంది. మీ దగ్గర బదులు లేకపోతే పక్క రైతు దగ్గర ఉందేమో కనుక్కుని వారి నంబరు ఇవ్వండి. దీనివల్ల కొనుగోలుదారు చేజారిపోతారని భయపడేవారు ఉన్నారు. నేను చూసినంతలో అలా సాయం చేసిన రైతుకే తరువాతి ఆర్డరు ముందుగా వస్తుంది.

9. ఫిర్యాదు వచ్చినప్పుడు

మొదటి పని వినడం. పూలు పంపినప్పుడు బాగానే ఉన్నాయి అన్న వాక్యంతో మొదలుపెట్టకండి. తరువాత ఈ వరుసలో వెళ్ళండి:

ఫోటో అడగండి. పువ్వుది, కాడ అడుగుది, బకెట్‌ది, మూడూ కావాలి.

కోసిన తేదీని లేబుల్‌తో సరిచూడండి. అదే కోతలోంచి మీరు దాచుకున్న కట్టను చూడండి. ప్రతి పెద్ద ఆర్డరు నుంచి ఒకటి రెండు కాడలను మీ దగ్గర నీళ్ళలో ఉంచుకునే అలవాటు ఇక్కడ అక్కరకు వస్తుంది.

తప్పు మీ వైపు ఉంటే ఆ రోజే తేల్చండి. ఆ కట్టల ధరను బిల్లులోంచి తగ్గించండి లేదా మరుసటి సరఫరాలో కొత్తవి ఇవ్వండి. దేన్ని కోరుకుంటారో వారినే అడగండి.

తప్పు వారి నిల్వలో ఉందనిపిస్తే, నిందించకుండా వారి గది ఉష్ణోగ్రత, బకెట్లు, ఎక్కడ ఉంచుతున్నారన్నది అడిగి తెలుసుకోండి. జెర్బెరా పట్ల నీటిలోని ఫ్లోరైడ్ కూడా ప్రభావం చూపుతుంది, అది ఇద్దరి తప్పూ కాదు.

తరచూ ధరలో తగ్గింపు అడిగే కొనుగోలుదారు సంగతి వేరు. రెండు నెలల తగ్గింపులను తేదీలతో రాసి ముందు పెట్టి మాట్లాడండి. అవి ప్రతిసారీ వారి అమ్మకాలు మందగించిన వారాల్లోనే పడుతుంటే వచ్చే సమస్య నాణ్యతది కాదు. అటువంటప్పుడు ఆర్డరు పరిమాణం తగ్గించుకోమని సూచించండి.

10. డబ్బు సంగతులు

కొత్త కొనుగోలుదారుకు మొదటి కొన్ని సరఫరాలు నగదుకే ఇవ్వండి. ఆ తరువాత అప్పు ఇచ్చినా దానికి గడువుతో పాటు పరిమితి కూడా ఉండాలి. రెండు బిల్లులు బాకీ ఉండగా మూడో బండి పంపకూడదన్న నియమాన్ని మొదటి రోజే మర్యాదగా చెబితే, తరువాత అమలు చేయడం ఇబ్బంది కాదు.

గడువు దాటిన మరుసటి రోజే గుర్తు చేయండి. నెల రోజులు మౌనంగా ఉండి ఆ తరువాత కోపంగా అడగడం కంటే, మొదటి రోజు మామూలు గొంతుతో అడగడం ఇద్దరికీ సులువు.

ధర పెంచవలసి వస్తే సీజన్ మధ్యలో పెంచకండి. వచ్చే సీజన్‌కు కనీసం కొన్ని వారాల ముందు, కారణం ఒక వాక్యంలో చెప్పి, తేదీతో సహా రాసి పంపండి. ఒకే పరిమాణంలో కొనే ఇద్దరు దుకాణదారులకు వేర్వేరు ధరలు పెట్టకండి, వారు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఎక్కువ కొనేవారికి తగ్గింపు ఇవ్వవచ్చు, కానీ ఎన్ని కట్టలు దాటితే ఎంత అన్నది అందరికీ ఒకే పట్టికలో ఉండాలి.

ఫ్లోరిస్టులకు అమ్ముతూ అదే వీధిలో నేరుగా వినియోగదారులకు టోకు ధరకే అమ్మడం, వారి కాళ్ళ కింద నేల తవ్వడమే. నేరుగా అమ్మేటప్పుడు చిల్లర ధరకే అమ్మండి.

11. తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు, వాటి సవరణలు

*అందరికీ అవునని చెప్పడం.* కొత్త రంగు అడిగిన ప్రతివారికీ పండిస్తానని ఒప్పుకుంటే చివరికి ఎవరికీ సరిపడా ఉండదు. కొనుగోలుదారు కనీస సంఖ్యకు మాట ఇస్తేనే కొత్త రకం వేయండి.

*మిగిలిన పూలను అంటగట్టడం.* తోటలో ఎక్కువైన కట్టలను అడగకుండా దుకాణంలో దింపి బిల్లు వేయకండి. ఆ రోజు ఉదయమే తగ్గింపు ధరతో మెసేజ్ పంపి, కావలసినవారినే తీసుకోమనండి.

*సీజన్ మొదట్లో ఉత్సాహం, చివర్లో మౌనం.* చివరి వారాల్లో కాడలు పొట్టిగా, పూలు చిన్నవిగా వస్తాయి. ఆ సంగతి జాబితాలో రాసి ధర తగ్గించండి, లేదా పంట ముగిసిందని ప్రకటించండి.

*పరిచయం ఒక్క మనిషితోనే ఉండడం.* దుకాణంలో బకెట్లు అందుకునే కుర్రవాడు, కత్తిరించే ఆమె, యజమాని, ముగ్గురికీ మీరు తెలియాలి. పువ్వు ఎన్ని రోజులు నిలిచిందో నిజంగా తెలిసినది మొదటి ఇద్దరికే.

12. కొనుగోలుదారులు చేయవలసినది

ఈ వ్యాసాన్ని చదివే ఫ్లోరిస్టులకు కూడా నాలుగు మాటలు చెప్పాలి. పెద్ద పని ఒప్పుకున్న రోజే రైతుకు తెలియజేయండి, ఆ తేదీకి పువ్వు తయారు కావడానికి నెలలు పడుతుంది. రంగును మాటతో కాక నమూనాతో చూపించండి. ఆర్డరు తగ్గించవలసి వస్తే కోతకు ముందే చెప్పండి, కోసిన పువ్వును తిరిగి మొక్కకు పెట్టలేము. బాగా నిలిచిన పువ్వు గురించి కూడా రైతుకు చెప్పండి. ఫిర్యాదులు మాత్రమే వినే రైతు వచ్చే ఏడాది ఏది ఎక్కువ వేయాలో తెలుసుకోలేరు.

13. సీజన్ ముగిశాక కూర్చోండి

పంట అయిపోయిన రెండు మూడు వారాల్లో, వివరాలు ఇద్దరికీ గుర్తుండగానే, ముఖ్యమైన ప్రతి కొనుగోలుదారుతోనూ ఒక గంట గడపండి. విత్తనాల ఆర్డరు ఇవ్వడానికి ముందే ఇది జరగాలి, లేకపోతే మాట్లాడుకున్నది ఏదీ మడిలోకి రాదు.

తీసుకువెళ్ళవలసినవి:

☐ వారు కొన్న పూల మొత్తం లెక్క, వారాల వారీగా
☐ అడిగి కూడా దొరకని పూల జాబితా
☐ తగ్గింపులు, ఫిర్యాదుల జాబితా
☐ వచ్చే సీజన్‌కు మీరు అనుకుంటున్న రకాల ఫోటోలు
☐ ఖాళీ క్యాలెండరు

క్యాలెండరును బల్ల మీద పరిచి, వారికి ఇప్పటికే ఖాయమైన పెళ్ళిళ్ళ తేదీలు, గిరాకీ ఎక్కువగా ఉండే వారాలు, దుకాణం మూసి ఉండే రోజులు వారి చేతనే గుర్తు పెట్టించండి. ఇంటికి వచ్చిన రోజే ఆ తేదీల నుంచి వెనక్కి లెక్కించి విత్తే తేదీలు వేసుకోండి. ఏ తేదీకి ఏ పువ్వు, ఎన్ని కట్టలు ఇవ్వగలరో, ఏది ఇవ్వలేరో ఆ వారంలోనే వారికి రాసి పంపండి.